ఎంజైమ్ పనిచేయట్లేదా? ఏ పట్టు సడలిందో ముందు చూడండి

మే నెల ప్రాక్టికల్స్ టైంలో హనుమకొండ, వరంగల్ ల్యాబుల్లో తరచూ వినపడే మాట: "ఎండకు ఎంజైమ్ ఖరాబైంది సార్." అయి ఉండొచ్చు. కారణం పట్టుకోకుండా కొత్త సీసా తెరిస్తే మాత్రం అదీ ఖరాబవుతుంది.

ఎంజైమ్ అంటే మడతపడ్డ ప్రోటీన్ గొలుసు. లోపల వందల హైడ్రోజన్ బంధాలు ఉన్నా, మడత నిలవడానికీ విచ్చుకోవడానికీ మధ్య మిగులు బలం చాలా ప్రోటీన్లలో మోలుకు 20 నుంచి 60 కిలోజౌళ్లే. అంత సన్నని అంచు మీద నిలబడ్డ వస్తువుకు ఒక్క పట్టు సడలితే చాలు. ఏ పట్టు సడలిందన్న దాన్ని బట్టే మందు.

అసలు పోయింది ఎంజైమేనా?

పిండిపదార్థాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ అమైలేజ్. పిండిపదార్థం ఉంటే అయోడిన్ నీలంగా మారుతుంది, అమైలేజ్ పనిచేస్తే ఆ నీలం పోతుంది. ఈ పరీక్షలో అయోడిన్ మోసం చేస్తుంది. వేడి ట్యూబులో పిండిపదార్థం-అయోడిన్ నీలిరంగు దానంతటదే పోతుంది, చల్లారితే తిరిగొస్తుంది. 80 డిగ్రీల్లో "భలే పనిచేస్తోంది" అనుకున్నది నిజానికి పనిచేయకపోయి ఉండొచ్చు. క్షార ద్రావణంలోనూ, డీటీటీ, విటమిన్ సీ లాంటి క్షయకరణ పదార్థాలు ఉన్నా రంగు రాదు. చుక్క తీసి చల్లార్చి, పీహెచ్ తటస్థానికి తెచ్చాకే అయోడిన్ వేయండి. ఎంజైమ్ లేని ట్యూబు ఒకటి పక్కన లేకపోతే ఆ ఫలితాన్ని నేనైతే రికార్డులో రాయనివ్వను.

వేడి పెట్టగానే పని ఆగిపోయింది

ట్యూబు తేటగా ఉందా, మబ్బుగా ఉందా? తేటగా ఉంటే 37 డిగ్రీలకు దించి కొద్దిసేపాగి మళ్లీ పరీక్షించండి. పని తిరిగొస్తే మడత తాత్కాలికంగానే విచ్చుకుందన్నమాట. మబ్బుగా ఉంటే, లోపల దాగి ఉండాల్సిన నీటికి పడని భాగాలు బయటపడి అణువులు ఒకదానికొకటి అతుక్కుని ముద్దకట్టినట్టు. దాన్ని పారబోయాల్సిందే.

ఎందుకు విచ్చుకుంది? ఆల్ఫా-అమైలేజ్ విషయంలో నేను మొదట అనుమానించేది కాల్షియాన్ని. ఈ ఎంజైమ్‌లో ఏ, బీ అనే రెండు భాగాల నడుమ ఒక కాల్షియం అయాను కూర్చుని రెంటినీ కట్టి ఉంచుతుంది. బఫర్‌లో (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణంలో) లోహ అయాన్లను పట్టుకునే ఈడీటీఏ ఉంటే కాల్షియాన్ని లాగేస్తుంది. ఫాస్ఫేట్ బఫరైతే కాల్షియాన్ని తెల్లగా అడుగుకు దించేస్తుంది. (ఆ తెలుపును చూసి ప్రోటీన్ ముద్దకట్టిందనుకోవద్దు. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే ఫాస్ఫేట్ కరుగుతుంది.) తేల్చుకోవడం సులువు: రెండు ట్యూబులు తీసుకుని, ఒకదాంట్లో వేడికి ముందే 2 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్ కలపండి. అది నిలిచి రెండోది పోతే కారణం దొరికినట్టే. ముద్దకట్టాక కలిపితే లాభం లేదు. లాలాజల అమైలేజ్‌కు క్లోరైడ్ కూడా కావాలి, కాబట్టి డిస్టిల్డ్ వాటర్ బదులు 0.9 శాతం ఉప్పునీటితో పలుచన చేయండి.

కాల్షియం ఉన్నా పోతుంటే అది ఆ ఎంజైమ్ పుట్టుక తాలూకు హద్దు. లాలాజల అమైలేజ్‌ను 90 డిగ్రీల్లో బతికించే మందు లేదు. బాసిల్లస్ లైకెనిఫార్మిస్ అనే బాక్టీరియా అమైలేజ్ తీసుకోండి, అది ఆ వేడిని తట్టుకుంటుంది. విచిత్రం, గొలుసులో రెండు చోట్లను గంధకంతో కుట్టి ఉంచే డైసల్ఫైడ్ బంధం అందులో ఒక్కటీ లేదు. అలాంటి ఎంజైముల్లో లోపలి భాగం ఇరుకుగా సర్దుకుని ఉండటం, ఉపరితలం మీద ప్లస్-మైనస్ జతలు, లోహ అయాన్లు, ఇవన్నీ తలా కొంత బలమిస్తాయి. పీసీఆర్‌లో (డీఎన్ఏ నకళ్లు తీసే పద్ధతిలో) వాడే టాక్ పాలిమరేజ్ ఎంజైమ్‌దీ ఇదే దారి. దాన్నిచ్చే, అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడి ఊటల్లో దొరికిన బాక్టీరియాను థామస్ బ్రాక్, హడ్సన్ ఫ్రీజ్ అనే శాస్త్రవేత్తలు 1969లో వర్ణించారు. టాక్ కూడా అమరం కాదు: 95 డిగ్రీల్లో సుమారు 40 నిమిషాలకు సగం పని పోతుంది.

పీహెచ్ సరిగ్గా పెట్టినా వేడిలో తేడా

ట్రిస్ బఫర్ వాడుతున్నారా? డిగ్రీకి దాదాపు 0.028 చొప్పున దాని పీహెచ్ పడిపోతుంది. 25 డిగ్రీల్లో 8.0గా పెట్టింది 70 డిగ్రీల్లో 6.7. గొలుసు పక్కన ఉండే ఆమ్ల, క్షార పార్శ్వాల మీద ఆవేశాలు మారి, ఉప్పు వంతెనలు (ప్లస్-మైనస్ జతల పట్టు) సడలుతాయి. వాడే ఉష్ణోగ్రతలోనే పీహెచ్ సరిచేయండి. పుస్తకంలో "గది ఉష్ణోగ్రత" అంటే 25. ఏసీ లేని మన ల్యాబులో మే మధ్యాహ్నం ఆ మాట చెల్లదు.

పలుచన చేశాక, గడ్డకట్టాక

బాగా పలుచన చేసిన ఎంజైమ్ గాజుకో ప్లాస్టిక్‌కో అంటుకుని పోతుంది. గాజుకు ముందే అంటుకుని ఎంజైమ్‌ను కాపాడే బీఎస్ఏ ప్రోటీన్ లీటరుకు 0.1 గ్రాము కలపండి, వోర్టెక్స్ (ట్యూబును గిరగిరా కదిపే యంత్రం) మీద నురగ తెప్పించకండి; గాలి-నీటి హద్దు కూడా మడతను విప్పుతుంది. కరెంటు పోయి వస్తూ ఉంటే ఫ్రీజర్‌లో కరగడం, గడ్డకట్టడం నడుస్తుంటాయి. సోడియం ఫాస్ఫేట్ గడ్డకట్టేటప్పుడు పీహెచ్ కిందికి జారుతుంది కూడా. 50 శాతం గ్లిసరాల్‌లో ఉంచితే మైనస్ 20 దగ్గర అసలు గడ్డకట్టదు.

సిరిసిల్లలో నూలు గుడ్డ గంజి పోకపోతే

సాంచాల మీద నేసిన నూలు గుడ్డకు పట్టిన గంజి తీయడానికి డైయింగ్ యూనిట్లలో వాడేదీ అమైలేజే. గుడ్డ మీద అయోడిన్ చుక్క ఇంకా నీలంగా ఉంటే తొట్టిలో ఏమేం పోశారో అడగండి. నీటి కఠినత తగ్గించే సీక్వెస్టరింగ్ ఏజెంట్ కాల్షియాన్ని లాగేస్తుంది. కాల్షియం ఉండే బోరునీళ్లను అందరూ తిడతారు, ఇక్కడ అవే మేలు. మిగిలిపోయిన పెరాక్సైడ్, క్లోరిన్ ఎంజైమ్ పార్శ్వాలను ఆక్సీకరిస్తాయి. డిటర్జెంట్ అయితే ఆనయానిక్ రకం మడతను విప్పుతుంది, నాన్-అయానిక్ వాడండి. 60 డిగ్రీల ఎంజైమ్‌ను 95 డిగ్రీల తొట్టిలో పోశారేమో ప్యాకెట్ మీద చూడండి.

చావాల్సింది చావకపోతే

ఆర్ఎన్ఏ తీసిన ప్రతిసారీ ముక్కలైపోతోందా? ఆర్ఎన్ఏను కోసే ఎంజైమ్ ఆర్ఎన్ఏస్-ఏ అనుమానితుడు. 124 అమైనో ఆమ్లాలే ఉన్న చిన్న ప్రోటీన్, కానీ నాలుగు డైసల్ఫైడ్ కుట్లున్నాయి. మరిగిస్తే విచ్చుకున్నా చల్లారాక మళ్లీ మడతపడిపోతుంది, అందుకే ఆటోక్లేవ్‌ను (ఆవిరి ఒత్తిడితో శుద్ధి చేసే పాత్రను) నమ్మలేం. జీవరసాయన శాస్త్రవేత్త క్రిస్టియన్ ఆన్‌ఫిన్సన్‌కు 1972 నోబెల్ బహుమతిలో వాటా తెచ్చింది ఈ ఎంజైమ్ మీద పనే. గాజు సామాను 180 డిగ్రీల ఓవెన్‌లో కొన్ని గంటలు ఉంచండి, ద్రావణాలకు ఆర్ఎన్ఏస్‌ను చంపే రసాయనం డీఈపీసీ వాడండి (ట్రిస్‌కు కుదరదు, అది డీఈపీసీతోనే చర్య జరుపుతుంది), చేతి చెమటలోనూ ఆర్ఎన్ఏస్‌లు ఉంటాయి కాబట్టి గ్లౌజులు తరచూ మార్చండి.