లినక్స్ సర్వర్‌కి ఒక్క రాత్రి రీబూట్ షెడ్యూల్ చేయడం ఎలా

రాత్రి రెండున్నరకు సర్వర్ రీబూట్ కావాలి, అదీ ఒక్కసారే. ఉబుంటు, డెబియన్, రెడ్‌హ్యాట్ లాంటి, సిస్టమ్‌డి (సర్వర్‌లో సర్వీసులను నడిపే ప్రోగ్రామ్) ఉన్న సర్వర్లలో ఇది ఒక్క లైను పని. కమాండ్లను టెర్మినల్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

సుడో షట్‌డౌన్ -ఆర్ 02:30

టైమ్ 24 గంటల లెక్కలో ఇవ్వాలి. ఈరోజు 02:30 దాటిపోయి ఉంటే రేపటి 02:30 తీసుకుంటుంది. టెర్మినల్ మూసేసి ఇంటికి వెళ్లిపోవచ్చు, షెడ్యూల్ అలాగే ఉంటుంది. టైమ్ ఇవ్వడం మరిచిపోతే మాత్రం ఒక్క నిమిషంలో రీబూట్ అయిపోతుంది.

ఎంటర్ కొట్టగానే వచ్చే జవాబు లైనును పూర్తిగా చదవండి. అందులో వారం, తేదీ, సమయంతో పాటు టైమ్ జోన్ కూడా ఉంటుంది. ఎక్కువ తప్పులు జరిగేది అక్కడే. క్లౌడ్ సర్వర్లు చాలావరకు యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) నడుస్తాయి. మన ఆదివారం తెల్లవారుజాము 02:30 అంటే యూటీసీలో శనివారం రాత్రి 21:00. యూటీసీ సర్వర్‌లో 02:30 అని ఇస్తే మనకు ఉదయం 8 గంటలకు, జనం లాగిన్ అవుతున్న వేళకు పడిపోతుంది. ముందే టైమ్‌డేట్‌సీటీఎల్ కొట్టి జోన్ ఏమిటో, గడియారం సింక్ అయి ఉందో లేదో చూసుకోండి. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా సర్వర్లు చూసేవాళ్లకు ఇంకో చిక్కు: అక్కడ గడియారం మార్చే చోట్ల మార్చి రెండో ఆదివారం 2 నుంచి 3 మధ్య గంట ఉండనే ఉండదు. నవంబర్ మొదటి ఆదివారం 1 నుంచి 2 దాకా రెండుసార్లు వస్తుంది. ఆ రాత్రుల్లో 4 గంటలకు పెట్టుకుంటే తలనొప్పి ఉండదు.

షెడ్యూల్ నిజంగా పడిందా? కొత్త వెర్షన్లలో షట్‌డౌన్ --షో చెబుతుంది. పాతవాటిలో /రన్/సిస్టమ్‌డి/షట్‌డౌన్/షెడ్యూల్డ్ అనే ఫైలు చూడాలి. అందులో మోడ్ ఎదురుగా రీబూట్ అని, యూసెక్ ఎదురుగా పొడవాటి అంకె ఉంటాయి. ఆ అంకె మైక్రోసెకన్లలో ఉంటుంది కాబట్టి చివరి ఆరు అంకెలు తీసేసి, డేట్ -డి తర్వాత @ గుర్తు పెట్టి ఇస్తే మామూలు సమయంగా కనిపిస్తుంది. ఈ ఫైలు /రన్‌లో ఉంటుంది కనుక మధ్యలో ఎవరైనా సర్వర్‌ను చేత్తో రీబూట్ చేస్తే షెడ్యూల్ కూడా పోతుంది.

గడువుకు 5 నిమిషాల ముందు /రన్/నోలాగిన్ ఫైలు పుడుతుంది. అప్పటినుంచి రూట్ (అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ ఖాతా) కాని యూజర్లకు కొత్త లాగిన్ దొరకదు. "సర్వర్ నన్ను రానివ్వట్లేదు" అని అప్పుడు ఫోన్ వస్తే కంగారు పడకండి. రద్దు చేయాలంటే సుడో షట్‌డౌన్ -సీ.

ఈ పద్ధతిలో తేదీ ఇవ్వడం కుదరదు. ఫలానా తేదీకి పెట్టాలంటే ఇది వాడండి, తేదీ మాత్రం మీకు కావాల్సింది రాసుకోండి:

సుడో సిస్టమ్‌డి-రన్ --యూనిట్=నైట్‌బూట్ --ఆన్-క్యాలెండర్="2026-01-18 02:30:00 ఏషియా/కోల్‌కతా" సిస్టమ్‌సీటీఎల్ రీబూట్

జోన్ పేరు అందులోనే రాస్తున్నాం కనుక యూటీసీ లెక్కలు వేయనక్కర్లేదు. ముందుగా అదే తేదీని సిస్టమ్‌డి-అనలైజ్ క్యాలెండర్‌కి ఇచ్చి చూస్తే ఇంకెన్ని గంటలుందో చెబుతుంది. సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-టైమర్స్‌లో నైట్‌బూట్ కనిపించాలి. వద్దనుకుంటే ఆ టైమర్‌ను స్టాప్ చేస్తే చాలు. ఇదీ మధ్యలో రీబూట్ అయితే మిగలదు.

చెప్పిన వేళకు పనిని ఒకసారి నడిపే ఎట్ కమాండ్ కూడా పనికొస్తుంది కానీ చాలా సర్వర్లలో అది ఇన్‌స్టాల్ అయి ఉండదు. పైగా 02:30కి సర్వర్ ఆఫ్‌లో ఉంటే, పొద్దున ఆన్ చేశాక గడువు దాటిన ఆ పనిని అప్పుడు నడిపిస్తుంది. పనులను మళ్లీ మళ్లీ వేళకు నడిపే క్రాన్ జోలికి అసలు పోవద్దు. అందులో సంవత్సరం గడి లేదు. జనవరి 18 అని రాస్తే, తీసేసేదాకా ప్రతి జనవరి 18కీ రీబూట్ అవుతుంది.

అసలు భయం పడిపోతుందని కాదు, తిరిగి లేవదని. ఏడాదిగా రీబూట్ కాని సర్వర్‌లో ఆ ఏడాదంతా చేసిన మార్పులకు ఆ రాత్రే పరీక్ష. సాయంత్రమే ఇవి చూడండి. ఫైండ్‌ఎంఎన్‌టీ --వెరిఫై కొడితే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో ఏ డిస్కులు ఎక్కడ కలపాలో రాసి ఉండే ఫైలు) తప్పులు బయటపడతాయి. తీసేసిన డిస్క్ లైను ఒక్కటి మిగిలినా సర్వర్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ కూడా రాదు. తప్పనిసరి కాని డిస్కులకు ఆ ఫైలులో నోఫెయిల్ (డిస్క్ లేకపోయినా బూట్ ఆగకుండా చేసే ఆప్షన్) పెట్టండి. /బూట్ నిండిపోయి ఉంటే కొత్త కెర్నల్ (లినక్స్ అసలు గుండెకాయ) సగమే పడి ఉండొచ్చు, డీఎఫ్ -హెచ్‌తో చూడండి. చేత్తో స్టార్ట్ చేసిన సర్వీసు ఎనేబుల్ (బూట్‌లో తనంతట తానే లేచేలా) అయి ఉండకపోవచ్చు, సిస్టమ్‌సీటీఎల్ ఈజ్-ఎనేబుల్డ్‌తో తేలుతుంది. రీస్టార్ట్ పాలసీ ఇవ్వని డాకర్ కంటైనర్లు తిరిగి లేవవు. డిస్క్ ఎన్‌క్రిప్షన్‌కి పాస్‌వర్డ్ అడిగే సర్వర్‌ను మనిషి లేని రాత్రి రీబూట్ చేయకండి. అదే వేళకు బ్యాకప్ నడుస్తుంటే ఏదో ఒకటి జరపండి. క్లౌడ్ కన్సోల్ పాస్‌వర్డ్ పనిచేస్తుందో లేదో కూడా అప్పుడే చూడాలి.

పొద్దున అప్‌టైమ్ -ఎస్‌తో సర్వర్ లేచిన సమయం, యూనేమ్ -ఆర్‌తో కెర్నల్, సిస్టమ్‌సీటీఎల్ --ఫెయిల్డ్‌తో పడిపోయిన సర్వీసులు తెలుస్తాయి. పడిపోయే ముందు ఏం జరిగిందో చూడాలంటే జర్నల్‌సీటీఎల్ -బీ -1 -ఈ. /వార్/లాగ్/జర్నల్ డైరెక్టరీ లేని సర్వర్లలో పాత లాగ్ రీబూట్‌తోనే పోతుంది. అందుకని ముందురోజే ఆ డైరెక్టరీ చేసి, సిస్టమ్‌డి-జర్నల్‌డి సర్వీసును రీస్టార్ట్ చేసి, జర్నల్‌సీటీఎల్ --ఫ్లష్ కొట్టి ఉంచండి.