అరబ్బీ కాగితం మీద సంతకం పెట్టేముందు: గల్ఫ్‌కి వచ్చే సిక్కోలు తమ్ముళ్లకు

సోంపేట కుర్రాడొకడు, వెల్డరు. కంపెనీలో పని మానేసి వెళ్తుంటే పీఆర్‌ఓ, అంటే కంపెనీ తరఫున సర్కారు కాగితాలు చూసేవాడు, ఒక అరబ్బీ కాగితం ముందు పెట్టాడు, వీడు సంతకం పెట్టేశాడు. 'నాకు రావలసినవన్నీ ముట్టాయి' అని అందులో ఉంది. నిజానికి ముట్టింది విమానం టికెట్టు ఒక్కటే. ఎందుకు పెట్టావురా అంటే, పెడితేనే పాస్‌పోర్టు ఇస్తామన్నారట. కార్మికుడి పాస్‌పోర్టు కంపెనీ అట్టేపెట్టుకోవడమే యూఏఈ చట్టం ఒప్పుకోదు. ఆ సంగతి నేను చెప్పేసరికి వాడు ఊరు చేరిపోయాడు.

సిమ్ము, బ్యాంకు ఖాతా, లేబర్ కార్డు గురించి క్యాంపులో ఎవడైనా చెప్తాడు. కోర్టు సంగతి మాత్రం ఎవడూ చెప్పడు. చెప్పినా 'ఇక్కడంతా షరియా, మన మాట చెల్లదు' అని బెదరగొడతారు. నేను వచ్చిన కొత్తలో, జీతాలు ఆగి రూములో అందరం పప్పుచారుతో నెట్టుకొచ్చిన రోజుల్లోనూ ఇదే పాట.

జీతం, గ్రాట్యుటీ గొడవలు ఇక్కడ యూఏఈలో రాసిపెట్టిన కార్మిక చట్టం ప్రకారమే తేలతాయి. షరియా ఎక్కువగా కనిపించేది పెళ్లి, విడాకులు, వారసత్వం, ప్రాణం పోతే ఆ కుటుంబానికి ఇచ్చే పరిహారం, అంటే దియా దగ్గర. అందులోనూ ముస్లిమేతరుల పెళ్లి, విడాకులకు యూఏఈలో 2023 ఫిబ్రవరి నుంచి వేరే సివిల్ చట్టం ఉంది. సౌదీలో షరియా పట్టు ఎక్కువే. అయినా అక్కడ 2018 నుంచి లేబర్ కోర్టులున్నాయి, 2023లో సివిల్ చట్టం కూడా రాసుకున్నారు.

అసలు భయపడాల్సింది షరియాకి కాదు, కాగితానికి. మన సినిమాల్లోలా బోనెక్కించి వాదించడం ఇక్కడ తక్కువ. ఇద్దరూ రాతలో ఇచ్చింది జడ్జి చదువుతాడు, లెక్కల్లో తేడా ఉంటే నిపుణుణ్ణి వేస్తాడు. వ్యవహారమంతా అరబ్బీలో. వేరే భాష కాగితమైతే గుర్తింపు ఉన్న అనువాదకుడి చేత అరబ్బీ చేయించాలి. మన ఊళ్లో పెద్దమనుషుల ముందు నలుగురు లేచి 'కుర్రాడు మంచోడు' అంటే కాస్త బరువుంటుంది. ఇక్కడ నీ సంతకమే నలుగురి పెట్టు.

అందుకే మళ్లీ మళ్లీ చెప్తున్నాను, విసుక్కోకండి. డబ్బు ఖాతాలో పడకుండా 'ముట్టింది' అని సంతకం పెట్టకండి. ఖాళీ కాగితం మీద అసలే వద్దు. పీఆర్‌ఓ తొందరపెడితే ఫోనుతో ఫోటో తీసి, అరబ్బీ వచ్చిన మలయాళీ ఎవరికైనా చూపించండి. ఆఫర్ లెటరు, కాంట్రాక్టు, జీతం పడిన మెసేజ్‌లు ఇంట్లోవాళ్లకి కూడా పంపి ఉంచండి. కోపమొచ్చి పని మానేసి స్నేహితుడి రూముకి పోవడం మన వాళ్లకి అలవాటు. అలా పోతే కంపెనీ వాడు 'పారిపోయాడు' అని ముందే రిపోర్టు పెడతాడు. ఫిర్యాదు ముందు మీది పడాలి.

ఇంట్లోవాళ్లకీ చెప్పండి. ప్రమాదంలో మనిషి పోతే, తప్పు ఎదుటివాడిదని తేలితే, యూఏఈలో దియా 2 లక్షల దిర్హాములు. జీతం బకాయి, గ్రాట్యుటీ దానికి వేరు. దుఃఖంలో ఉన్నప్పుడు కవిటికో మందసకో ఎవడో పవర్ ఆఫ్ అటార్నీ కాగితం, అంటే మీ తరఫున వ్యవహారం నడిపే హక్కు వాడికిచ్చే కాగితం, పట్టుకొస్తాడు. చదివించుకోకుండా వేలిముద్ర వేయొద్దనండి.

బ్యాంకు అప్పు ఎగ్గొట్టి ఊరెళ్లిపోదామనుకునేవాళ్లకు ఒక మాట. 2020 జనవరి నుంచి యూఏఈ సివిల్ కోర్టు డిక్రీని, అంటే తీర్పుని, మన జిల్లా కోర్టులోనే అమలుకు పెట్టొచ్చు. శ్రీకాకుళం దూరమేమీ కాదు.

సరే, ఇంత బెదిరించాక ఇదీ చెప్పాలి కదా. యూఏఈలో ఫిర్యాదుకు లాయరు అక్కర్లేదు. కార్మిక శాఖ యాప్‌లోనో, 80084కి ఫోను చేసో పెట్టొచ్చు. ముందు రాజీకి పిలుస్తారు, 14 రోజుల్లో కుదరకపోతే కోర్టుకి పంపుతారు. 50 వేల దిర్హాముల లోపు తగాదా అయితే 2024 నుంచి శాఖే తీర్పు చెప్పేస్తుంది. లక్ష దిర్హాముల దాకా కార్మికుడికి కోర్టు ఫీజు లేదు. అబుదాబి లేబర్ కేసుల్లో ఫారాలు హిందీలోనూ ఉంటాయి. గడువు యూఏఈలో ఉద్యోగం ముగిశాక రెండేళ్లు, సౌదీ, కువైట్‌లలో ఒక్క ఏడాదే. ఎటూ తోచకపోతే మన కాన్సులేట్ ఉంది, మన విదేశాంగ శాఖ వాళ్ల 'మదద్' పోర్టల్‌లో ఊరి నుంచి ఇంట్లోవాళ్లు కూడా ఫిర్యాదు పెట్టొచ్చు.