మార్కులు మామూలే, పిల్లవాడు చురుకు: కాలిఫోర్నియాలో ఏ కాలేజీ?

కొత్తగా కాలిఫోర్నియా వచ్చిన తెలుగు ఇళ్లలో పదకొండో తరగతి పిల్లలుంటే ఒకటే దిగులు. పిల్లవాడికి బుర్ర ఉంది, ఏదడిగినా విడమరిచి చెబుతాడు. జీపీఏ, అంటే నాలుగుకు లెక్కించే మార్కుల సగటు, మాత్రం 3.1 దగ్గర ఆగింది. క్లబ్బులూ పోటీలూ లేవు. మా అబ్బాయి విషయంలో నేనూ ఈ దిగులు పడ్డాను. బర్క్‌లీ, స్టాన్‌ఫోర్డ్ తప్ప మరో పేరు తెలియక ఆరు నెలలు పోగొట్టుకున్నాను.

ముందు ఎంసెట్ లెక్కను మరిచిపోండి. అక్కడ ర్యాంకే అన్నీ తేలుస్తుంది. ఇక్కడ ఏమేం చూడాలో ఒక్కో కాలేజీ తానే తేల్చుకుంటుంది. ఆ సంగతి వాళ్లే రాసి పెడతారు కూడా. చాలా విశ్వవిద్యాలయాలు ఏటా ‘కామన్ డేటా సెట్’ అనే పత్రం ప్రకటిస్తాయి. అందులో సీ7 పట్టిక తీయండి. మార్కులు, వ్యాసం, సిఫారసు లేఖలు, బడి బయటి పనులు... వీటిలో దేనికి ఎంత విలువ ఇస్తారో, దేన్ని అసలు చూడరో అక్కడ గుర్తు పెట్టి ఉంటుంది.

కాల్ స్టేట్, అంటే కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌ల దరఖాస్తులో వ్యాసం ఉండదు. రాష్ట్రవాసులకు జీపీఏ 2.5 ఉంటే అర్హత ఉంటుంది. అయితే వాటిలో ఒకటైన శాన్ హోసే స్టేట్‌లో కంప్యూటర్ సైన్సు ఆ మార్కులతో రాదు. యూసీ, అంటే బర్క్‌లీ కూడా ఉన్న యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు, ప్రవేశానికి శాట్ పరీక్ష మార్కులు చూడవు. జీపీఏ లెక్కకు పది, పదకొండు తరగతుల మార్కులే తీసుకుంటాయి కాబట్టి తొమ్మిదిలో తడబడిన పిల్లలకు ఊరట.

నేను గట్టిగా చెప్పదలచింది కమ్యూనిటీ కాలేజీ, అంటే మొదటి రెండేళ్ల చదువు చెప్పే స్థానిక ప్రభుత్వ కాలేజీ గురించి. ఆ మాట వినగానే మనవాళ్ల ముఖం చిన్నబోతుంది, నాదీ చిన్నబోయింది. కానీ డి ఆంజాలోనో, ఓలోనీలోనో రెండేళ్లు చదివి 60 సెమిస్టరు యూనిట్లు (క్వార్టర్ పద్ధతి ఉన్న డి ఆంజాలో 90) పూర్తి చేసి యూసీకి దరఖాస్తు పెడితే, వాళ్లు చూసేది కాలేజీ మార్కులనే. హైస్కూలు జీపీఏ అక్కడితో వెనకబడిపోతుంది. డేవిస్, ఇర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లు ‘టాగ్’ (TAG) పేరుతో ఇలా వచ్చే పిల్లలకు ముందే సీటుకు హామీ ఇస్తాయి. షరతులు నెరవేర్చాలి. వీటిలో ఒక్కదానికే, అదీ సెప్టెంబరులోనే అడగాలి. కొన్నిచోట్ల ఇంజినీరింగుకు, కంప్యూటర్ సైన్సుకు ఈ హామీ లేదు. కమ్యూనిటీ కాలేజీలో చదివిన ఏ కోర్సు ఏ విశ్వవిద్యాలయంలో చెల్లుతుందో ‘అసిస్ట్’ (ASSIST) వెబ్‌సైటులో చూసుకుని, మొదటి టర్ము నుంచే ఆ కోర్సులే తీసుకోవాలి. ఇది ఆలస్యంగా తెలిస్తే ఒక ఏడాది పోతుంది.

కార్యక్రమాలు లేవని కుంగిపోకండి. హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగి కుటుంబ వీసా మీద ఉన్న పిల్లలు జీతానికి పని చేయకూడదు. పదో తరగతిలో వచ్చిన పిల్లకు క్లబ్బులో పదవి రావడమూ కష్టమే. చాలా ప్రైవేటు కాలేజీలకు ఒకటే దరఖాస్తు అయిన కామన్ యాప్‌లో పది కార్యక్రమాలకు చోటు ఉంటుంది, కుటుంబ బాధ్యతలు అనే విభాగమూ ఉంది. నానమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లి డాక్టరు మాట తెలుగులో చెప్పడం, చెల్లెలికి లెక్కలు నేర్పడం అక్కడ రాయదగినవే. వారానికి ఎన్ని గంటలో నిజాయితీగా రాయించండి.

హెచ్-4 వాళ్లకు ఫెడరల్ ఆర్థిక సహాయం దొరకదు కనుక ఫీజు లెక్క ఇప్పుడే వేసుకోండి. ఇరవై ఒకటి నిండగానే ఆ హోదా పోతుంది. చాలామందికి అది కాలేజీ మధ్యలోనే వస్తుంది. విద్యార్థి వీసా ఎఫ్-1కు మారితే రాష్ట్రవాసుల ఫీజు ఉంటుందా, పోతుందా అని కాలేజీ వారిని చేరకముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.