హెచ్‌ఆర్‌పీ జోడించిన మోనోక్లోనల్ యాంటీబాడీతో వెస్టర్న్ బ్లాట్ చేయడం

బీటా యాక్టిన్ వంటి సమృద్ధిగా ఉండే ప్రోటీన్‌ను వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను జెల్‌పై వేరుచేసి, మెంబ్రేన్‌పైకి మార్చి, యాంటీబాడీతో గుర్తించే పద్ధతిలో) చూడాలనుకున్నప్పుడు, హెచ్‌ఆర్‌పీ (హార్స్‌రాడిష్ పెరాక్సిడేస్) ఎంజైమును నేరుగా జోడించిన మోనోక్లోనల్ యాంటీబాడీని, అంటే ప్రోటీన్‌లో ఒకే చోటును గుర్తించే యాంటీబాడీని వాడితే, మొదటి యాంటీబాడీని పట్టుకునే సెకండరీ యాంటీబాడీ అవసరమే ఉండదు. చిట్టెలుక కణజాలంపై చిట్టెలుక యాంటీబాడీని వాడేవారికి ఇందులో మరో లాభం ఉంది. సెకండరీ యాంటీబాడీ కణజాలంలోని ఇమ్యునోగ్లోబులిన్లను (సహజ యాంటీబాడీలను) కూడా పట్టుకోవడం వల్ల 50, 25 కిలోడాల్టన్ల దగ్గర వచ్చే అనవసరపు బ్యాండ్ల బెడద తప్పుతుంది. అయితే సెకండరీ వల్ల సంకేతం పెరిగే వీలు కూడా పోతుంది గనుక, అతి తక్కువగా ఉండే ప్రోటీన్లకు ఈ పద్ధతిని నేను సూచించను.

హైదరాబాదులో జాగ్రత్త ఆర్డరు పెట్టేటప్పుడే మొదలవుతుంది. మే నెలలో శుక్రవారం సాయంత్రం సెక్యూరిటీ గదిలో దింపిన థర్మాకోల్ పెట్టెను సోమవారం దాకా ఎవరూ తెరవకపోతే, లోపలి జెల్ ప్యాకులు కరిగిపోయి ఎంజైము చురుకుదనం తగ్గవచ్చు. అందువల్ల వారం మొదట్లో అందేలా చూసుకోవాలి. లేబుల్ మరోలా చెప్పకపోతే 2 నుంచి 8 డిగ్రీల మధ్య, వెలుతురు తగలకుండా, గడ్డకట్టనీయకుండా ఉంచాలి.

పలుచన చేసిన యాంటీబాడీ చెడిపోకుండా సోడియం అజైడ్ కలపడం చాలామందికి అలవాటు. ఇక్కడ ఆ అలవాటును పూర్తిగా మానుకోవాలి, ఎందుకంటే అజైడ్ హెచ్‌ఆర్‌పీ పనిని ఆపేస్తుంది. యాంటీబాడీ అనవసర చోట్ల అంటుకోకుండా మెంబ్రేన్‌ను కప్పే బ్లాకింగ్ ద్రావణంలోనూ, కడిగే బఫర్‌లోనూ అది ఉండకూడదు.

పీవీడీఎఫ్ (ఒక రకం ప్లాస్టిక్) మెంబ్రేన్‌ను మెథనాల్‌లో తడిపి, జెల్ నుంచి ప్రోటీన్ల ట్రాన్స్‌ఫర్ పూర్తయ్యాక 5 శాతం వెన్న తీసిన పాలపొడి కలిపిన టీబీఎస్‌టీలో (ట్వీన్ 20 డిటర్జెంట్ ఉన్న ట్రిస్ ఉప్పు బఫర్, అంటే టీబీఎస్‌లో) గంటసేపు బ్లాక్ చేయాలి. తర్వాత అదే మెంబ్రేన్ నుంచి కోసిన మూడు ముక్కలను 1:1000, 1:5000, 1:20000 యాంటీబాడీ పలుచనల్లో పరీక్షించడం మంచిది, ఎందుకంటే కంపెనీ సూచించిన పలుచన మన నమూనాకు, మన సబ్‌స్ట్రేటుకు సరిపోతుందన్న హామీ లేదు. ప్రోటోకాల్‌లో గది ఉష్ణోగ్రత అంటే సుమారు 20 నుంచి 25 డిగ్రీలు. ఏసీ లేని మన గదుల్లో వేసవిలో అది సులభంగా 30 దాటుతుంది, పాలు కూడా త్వరగా పులుస్తాయి. అప్పుడు మెంబ్రేన్‌ను యాంటీబాడీలో 4 డిగ్రీల వద్ద రాత్రంతా నెమ్మదిగా ఊగే షేకర్‌పై ఉంచడమే మేలు. ఆపై 0.1 శాతం ట్వీన్ 20 ఉన్న టీబీఎస్‌తో నాలుగుసార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలపాటు కడగాలి.

హెచ్‌ఆర్‌పీ వల్ల వెలుగునిచ్చే సబ్‌స్ట్రేటు అయిన లూమినాల్, పెరాక్సైడ్ ద్రావణాలను వాడే ముందే కలిపి, మెంబ్రేన్ అంతా తడిసేలా పోసి, నిమిషం తర్వాత అంచును టిష్యూకు ఆనించి అదనపు ద్రవాన్ని తీసివేసి, ముందు కొన్ని సెకన్ల ఎక్స్‌పోజర్‌తో చిత్రం తీయాలి. బ్యాండ్ మధ్యలో సంకేతం లేకుండా ఖాళీగా, అంచుల్లో మాత్రమే సంకేతంతో కనిపిస్తే, ఎంజైము ఎక్కువై అక్కడి సబ్‌స్ట్రేట్ అంతా క్షణాల్లో ఖర్చయిపోయిందని అర్థం. ఎక్స్‌పోజర్ పెంచినా అది బాగుపడదు. యాంటీబాడీని మరింత పలుచన చేసి, లేదా లేన్‌లో ప్రోటీన్ తగ్గించి మళ్లీ చేయాలి. బీటా యాక్టిన్‌ను లోడింగ్ కంట్రోల్‌గా (ప్రతి లేన్‌లో ప్రోటీన్ సమానంగా ఉందో లేదో చూసే కొలతగా) లెక్కలు కట్టేవారు బ్యాండ్ శాచురేట్ కాని, అంటే సంకేతం కెమెరా పరిమితిని దాటని చిత్రాన్నే తీసుకోవాలి.