గోస్తనిని ఏడాది పాటు పరిశీలించడం ఎలా: బొర్రా కొండల నుంచి భీమిలి మొగ వరకు

విశాఖపట్నంలో ఉంటూ నదిని, రాతిని, జీవజాలాన్ని కలిపి అధ్యయనం చేయాలనుకునే విద్యార్థులకు, ఉపాధ్యాయులకు, ప్రకృతి పరిశీలకులకు గోస్తని కంటే అనువైన నది ఈ ప్రాంతంలో లేదని నా నమ్మకం. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగి, తాటిపూడి జలాశయంలో నిలిచి, భీమునిపట్నం (భీమిలి) వద్ద బంగాళాఖాతంలో కలిసే ఈ నది పొడవు సుమారు 120 కిలోమీటర్లు. గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. దాన్ని మొదటి నుంచి చివరి వరకు ఒక్క మనిషి తన కాళ్ల మీద, తన కళ్లతో చూసి రాసుకోవడం దాదాపు అసాధ్యం. గోస్తని విషయంలో అది సాధ్యమే. పైగా నగరవాసులు తాగే నీటిలో కొంత తాటిపూడి నుంచే వస్తుంది కాబట్టి, ఈ నదిని తెలుసుకోవడమంటే మన ఇంటి కుళాయి వెనుక ఏముందో తెలుసుకోవడమే.

పరిశీలన మొదలుపెట్టేవారు సాధారణంగా రాళ్లకు ఒక పుస్తకం, నీటికి ఒక పుస్తకం, పక్షులకు ఒక పుస్తకం విడివిడిగా పెట్టుకుంటారు. అలా చేయవద్దు. ఒక చోట, ఒక రోజు చూసినదంతా ఒకే పేజీలో రాయాలి. నీళ్ల రంగు ఎందుకు మారిందో పైనున్న రాయి చెబుతుంది, నీటి కింద రాయి మీద ఏ పురుగు బతుకుతుందో ఆ నీరు నిర్ణయిస్తుంది, ఏ పిట్ట వచ్చి వాలుతుందో ఆ పురుగు మీద ఆధారపడి ఉంటుంది. వేరు వేరు పుస్తకాల్లో రాసుకుంటే ఈ సంబంధం ఎన్నటికీ కనిపించదు.

మూడు చోట్లు, పన్నెండు సార్లు

ముందుగా మూడు స్థలాలు ఎంచుకోండి. ఒకటి బొర్రా దిగువన కొండ గెడ్డ (వాగు) వచ్చి నదిలో కలిసే చోటు, రెండవది తాటిపూడి ఆనకట్టకు దిగువన ఏదైనా వంతెన దగ్గర, మూడవది భీమిలి మొగ, అంటే నది సముద్రంలో కలిసే చోటు. ఎక్కువ చోట్లు ఎంచుకుని అప్పుడప్పుడూ వెళ్లడం కంటే, తక్కువ చోట్లు ఎంచుకుని నెలకొకసారి తప్పకుండా వెళ్లడం మేలు. ప్రతి చోటా మీరు నిలబడే రాయినో, వంతెన స్తంభాన్నో గుర్తుగా పెట్టుకుని, అక్కడి నుంచే ప్రతిసారీ అదే దిక్కుకు ఒక ఫొటో తీయండి. ఏడాది చివర ఒక్కో చోటి పన్నెండు ఫొటోలను వరుసగా పేరిస్తే కనిపించేది ఏ ఒక్క పర్యటనలోనూ కనిపించదు.

పేజీ పైన తేదీ, సమయం, వాతావరణం, గత మూడు రోజుల్లో వాన పడిందా లేదా అన్నది రాయాలి. మొగ దగ్గరైతే అది పోటు సమయమా, ఆటు సమయమా అన్నది కూడా తప్పనిసరి. మొదటి ఏడాది నేను ఈ చివరి వివరం రాసుకోలేదు. దాని వల్ల భీమిలిలో తీసుకున్న ఉప్పదనపు కొలతలన్నీ పనికిరాకుండా పోయాయి. ఒక నెల ఉప్పగా, మరో నెల చప్పగా ఉన్న నీరు రుతువు వల్ల మారిందా, నేను వెళ్లిన గంట వల్ల మారిందా అన్నది తేల్చుకోలేకపోయాను. విశాఖ తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుపోట్ల మధ్య తేడా సుమారు ఒకటిన్నర మీటరు ఉంటుంది. చిన్న మొగలో నీటి స్వభావాన్ని పూర్తిగా మార్చడానికి అది చాలు. ఆటుపోట్ల పట్టిక ముందే చూసుకుని, ప్రతి నెలా ఒకే దశలో అక్కడికి చేరుకునేలా ప్రయాణం పెట్టుకోండి. ఆ సమయాలు ఊళ్లోని మత్స్యకారులకు పట్టిక చూడకుండానే తెలుసు కాబట్టి వారిని అడిగి సరిచూసుకోవడం ఇంకా మంచిది.

రాయితో మొదలు

ఈ ప్రాంతపు కొండల్లో విస్తారంగా కనిపించే రాయి ఖోండలైట్. ఖోండు గిరిజనుల పేరు మీదుగానే దానికి ఆ పేరు వచ్చింది. చేతిలోకి తీసుకుని ఎండలో తిప్పి చూడండి. ఎర్రటి చుక్కల్లా కనిపించేవి గార్నెట్ గింజలు, తెల్లగా సూదుల్లా ఉండేవి సిలిమనైట్, వెండి రేకులా మెరిసి వేలికి నల్లగా అంటుకునేది గ్రాఫైట్. ఒకప్పుడు ఇది నీటి అడుగున పేరుకున్న బంకమన్ను. తూర్పు కనుమలు ఏర్పడిన కాలంలో, సుమారు 100 కోట్ల సంవత్సరాల క్రితం, భూమి లోతుల్లో 800 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో ఉడికి ఇలా మారింది. అప్పట్లో ఈ నేలకు ఆనుకుని ఉన్న భూభాగం నేడు తూర్పు అంటార్కిటికాలో ఉంది. ఇటువంటి రాళ్లే అక్కడా దొరుకుతాయి. మన కొండ మీద నిలబడి ఈ మాట తలచుకున్న ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఖోండలైట్ వానకూ ఎండకూ తేలికగా చివుకుతుంది. విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలోని తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువులు రాతిలోనే నీటి తొట్లు తొలుచుకున్నారు, ఆ కొండ పేరు వాటి నుంచే వచ్చింది. చివికిన రాతిలోని ఇనుము తుప్పు పట్టి నేలను ఎర్రగా మారుస్తుంది. గార్నెట్ మాత్రం గట్టిది కాబట్టి గింజగానే మిగిలి, వాన నీటితో గెడ్డలోకి, గెడ్డ నుంచి నదిలోకి దొర్లుతుంది. మీ ఏడాది పరిశీలనకు ఈ ఎర్ర గింజనే దారంగా పట్టుకోమని నా సలహా. ప్రతి చోటా ఒక చెంచా ఇసుక తీసి, తెల్ల కాగితం మీద పరిచి, పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దంతో వంద గింజలు లెక్కపెట్టి, వాటిలో ఎన్ని గార్నెట్లో, ఎన్ని తెల్లటి క్వార్ట్జ్ గింజలో, ఎన్ని నల్లవో రాయండి. లెక్క అయ్యాక ఆ ఇసుకను అక్కడే వదిలేయండి.

భీమిలి తీరంలో ఈ లెక్క ఆశ్చర్యపరుస్తుంది. అలలు తేలికైన క్వార్ట్జ్‌ను లాక్కుపోయి బరువైన ఖనిజాలను వదిలేస్తాయి కాబట్టి కొన్ని చోట్ల ఇసుక నల్లని చారలుగా కనిపిస్తుంది. క్వార్ట్జ్ సాంద్రత నీటికి 2.65 రెట్లయితే, నల్లటి ఇల్మెనైట్ సాంద్రత సుమారు 4.7 రెట్లు. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇసుక మీద ఆడిస్తే వెంటనే ఎగిరి అంటుకునేది మాగ్నెటైట్. ఇల్మెనైట్ మామూలు అయస్కాంతానికి అంత తేలికగా లొంగదు. అయితే ఒక జాగ్రత్త అవసరం. మొగ దగ్గర దొరికిన గార్నెట్ గింజ బొర్రా కొండల నుంచే వచ్చిందని వెంటనే రాసేయకూడదు. తాటిపూడి ఆనకట్ట పై నుంచి వచ్చే ఇసుకను చాలావరకు ఆపేస్తుంది. దిగువన కనిపించే గింజలు ఆనకట్ట కింద కలిసే గెడ్డల నుంచో, పాత నదీగర్భం నుంచో, తీరం వెంబడి సముద్రం మోసుకొచ్చిన ఇసుక నుంచో వచ్చి ఉండవచ్చు. ఈ మూడు అవకాశాలనూ పేజీలో రాసి, ఏది నిజమో తేల్చుకోవడానికి దిగువ గెడ్డల ఇసుకను కూడా చూడడమే శాస్త్రీయమైన పద్ధతి.

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలను కూడా ఒక రోజు చూడండి. సముద్ర మట్టం నేటి కంటే 120 మీటర్ల వరకు తగ్గిన గత హిమయుగం నాటి కథ ఆ దిబ్బల్లో దాగి ఉంది. ఇసుక గింజల చుట్టూ పట్టిన ఇనుప ఆక్సైడు పొర వల్లనే వాటికి ఆ ఎరుపు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటది. అక్కడ పిడికెడు మట్టి తీయవద్దు, గోడలు ఎక్కవద్దు. ఒక్క అడుగు వేసిన చోట వచ్చే వానకు కొత్త కోత మొదలవుతుంది.

నీటిని కొలవడం

ప్రవాహాన్ని కొలవడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. నది వంపు లేకుండా తిన్నగా పారే చోట ఒడ్డున పది మీటర్లు కొలిచి, పై చివర ఒక బత్తాయి పండు వేసి, అది కింది చివరకు చేరడానికి పట్టిన సెకన్లు లెక్కపెట్టండి. బెండు ముక్క కంటే బత్తాయి మేలు, ఎందుకంటే అది చాలావరకు నీటిలో మునిగి ఉండి గాలికి కొట్టుకుపోదు. ఐదు సార్లు చేసి సగటు తీయాలి. అడుగున నీరు పైకంటే నెమ్మదిగా కదులుతుంది కాబట్టి వచ్చిన వేగాన్ని 0.85తో గుణించాలి. తర్వాత తాడు అడ్డంగా పట్టి, ప్రతి అర మీటరుకూ కర్రతో లోతు చూసి సగటు లోతు కనుక్కోండి. వెడల్పు 6 మీటర్లు, సగటు లోతు 0.4 మీటర్లు, పండుకు పట్టిన సమయం 20 సెకన్లు అనుకుంటే వేగం సెకనుకు అర మీటరు, సవరించిన వేగం 0.425 మీటర్లు, ప్రవాహం సెకనుకు 1.02 ఘనపు మీటర్లు, అంటే సుమారు వెయ్యి లీటర్లు. నీరు మోకాలు దాటి ఉంటే లోపలికి దిగవద్దు. కొండల్లో వాన పడుతుంటే అసలు దిగవద్దు, ఎందుకంటే మీ నెత్తిన చుక్క పడకపోయినా గెడ్డ పొంగి రావచ్చు.

సున్నపురాయి గుహలున్న బొర్రా దగ్గర నీటి గట్టిదనాన్ని (కఠినత్వాన్ని) చూడాలి. నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న వాన నీరు సున్నపురాయిని కరిగిస్తుంది. ఆ నీరు గుహ కప్పు నుంచి జారేటప్పుడు వాయువు విడిపోయి సున్నం తిరిగి గట్టిపడుతుంది, గుహలో వేలాడే స్తంభాలు ఏర్పడేది అలాగే. సున్నపురాయి మీదుగా వచ్చిన నీటినీ, ఖోండలైట్ మీదుగా మాత్రమే వచ్చిన గెడ్డ నీటినీ రెండు ఒకే రకం సీసాల్లో సమానంగా పోసి, రెండింటిలోనూ అన్నే చుక్కల సబ్బు నీరు వేసి కుదపండి. నురగ తక్కువ వచ్చినది గట్టి నీరు. నీటిలో కరిగిన లవణాలను కొలిచే, జేబులో పట్టే టీడీఎస్ మీటరు ఉంటే అంకెలు కూడా వస్తాయి. గుహ లోపల మాత్రం ఆమ్లం చుక్క వేసి చూడడం, స్తంభాన్ని చేత్తో తాకడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. వేళ్ల జిడ్డు అంటిన చోట సున్నం మళ్లీ పేరుకోవడం కష్టం.

మొగ దగ్గర ఆ చిన్న మీటరు పనిచేయదు, సముద్రపు ఉప్పు దాని హద్దు దాటిపోతుంది. రొయ్యల చెరువుల రైతులు, హేచరీలవారు నీటి ఉప్పదనం చూడడానికి వాడే రిఫ్రాక్టోమీటరు ఒకటి సంపాదించుకోండి. ఉప్పు నీరు బరువైనది కాబట్టి పోటు సమయంలో అది మంచి నీటి కిందుగా చొచ్చుకు వస్తుంది. అందువల్ల పైనీరు, అడుగు నీరు వేరుగా తీసి చూడాలి.

జీవులు

నీటి నాణ్యత గురించి ఒక రోజు కొలత కంటే అడుగు రాళ్లకు అంటుకుని బతికే పురుగులే నమ్మకమైన సాక్ష్యం, ఎందుకంటే అవి వారాల తరబడి అక్కడే ఉంటాయి. పారే నీటిలో పిడికిలంత రాయి నెమ్మదిగా ఎత్తి తెల్ల పళ్లెంలో కడిగి చూడండి. సాధారణంగా మూడు తోకలతో, పొట్ట పక్కన మొప్పలు ఆడిస్తూ ఉండేది మేఫ్లై పిల్లపురుగు. ఇసుక రేణువులతో గొట్టం కట్టుకుని అందులో ఉండేది కాడిస్‌ఫ్లై పిల్లపురుగు. ఈ రెండింటిలో చాలా రకాలు ప్రాణవాయువు బాగా ఉన్న నీటిలోనే నిలుస్తాయి. తూనీగ పిల్లలు కొంత మురికిని ఓర్చుకుంటాయి. ఒంట్లో హిమోగ్లోబిన్ ఉండే ఎర్ర దోమజాతి పురుగులు ప్రాణవాయువు తగ్గినా బతుకుతాయి కాబట్టి, పళ్లెంలో అవి మాత్రమే కనిపిస్తే ఎగువన ఏం కలుస్తోందో వెతకాలి. చూశాక పురుగులనూ రాయినీ ఎక్కడివి అక్కడే పెట్టాలి.

పక్షులకు పావుగంట కేటాయించి, ఒక చోట కదలకుండా కూర్చుని కనిపించినవీ వినిపించినవీ లెక్కించండి. లకుముకి పిట్ట, గుడ్డికొంగ, నీటికాకి, తీతువు దాదాపు ప్రతిసారీ పలకరిస్తాయి. శీతాకాలంలో మొగ దగ్గర వలస పక్షులు చేరతాయి. కనిపించకపోతే “లేవు” అని రాయకండి, “పావుగంటలో కనిపించలేదు” అని రాయండి. ఈ రెండు మాటల మధ్య తేడాను కాపాడుకోవడమే సగం పరిశోధన.

చలి నెలల నుంచి వేసవి మొదలయ్యే వరకు తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఒక గూటిలో వంద పైచిలుకు గుడ్లుంటాయి, అవి పొదగడానికి సుమారు 45 నుంచి 60 రోజులు పడుతుంది, పుట్టేది ఆడో మగో ఇసుక వేడి నిర్ణయిస్తుంది. జాడ కనిపిస్తే ముట్టుకోకుండా అటవీ శాఖకు తెలియజేయండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి పూర్తి రక్షణ కల్పిస్తోంది.

ఆ ఇసుక తీరం ఎంత వాలుగా ఉందన్నది కూడా కొలవవచ్చు. సమాన పొడవున్న రెండు కర్రలకు సెంటీమీటర్ల గుర్తులు గీసి, రెండు మీటర్ల ఎడంలో నిలబెట్టండి. ఒడ్డు వైపు కర్ర దగ్గర నిలిచి, సముద్రం వైపు కర్ర కొనను ఆకాశం, సముద్రం కలిసే గీతతో కలిపి చూస్తే, చూపు మీ కర్ర మీద కొన నుంచి ఎంత కిందుగా పడిందో అంత పల్లం ఉన్నట్టు. అలా అడుగడుగునా అలల దాకా వెళ్తే తీరపు వాలు కాగితం మీదికి వస్తుంది. 1961లో ఎమరీ అనే భూవిజ్ఞాని ఈ పద్ధతిని వివరించాడు. నేటికీ ఇంత చవకైనది మరొకటి లేదు. నైరుతి రుతుపవనాల కాలంలో కోతకు గురైన ఇసుక ఆ తర్వాత కొంత తిరిగి చేరడం మీ గీతల్లోనే చూస్తారు.

అనంతగిరి గ్రామాల్లో గెడ్డలోకి దిగే ముందు ఊరి పెద్దలతో మాట్లాడండి, అటవీ ప్రాంతమైతే అనుమతి తీసుకోండి. ఏ ఊట వేసవిలో ఎండుతుందో, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నీరు ఎంత దూరం ఎక్కిందో అడగండి. వారు చెప్పినది విన్నదిగా, మీరు కొలిచినది కొలిచినదిగా వేరు వేరుగా రాసి, ఇంటికి చేరిన రాత్రే పేజీని ఫొటో తీసి మరో చోట భద్రపరచండి. పక్షుల లెక్కను ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో, మిగిలిన జీవుల ఫొటోలను ఐనేచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో చేర్చితే మీ ముప్పై ఆరు పేజీలు ఇతర పరిశోధకులకూ అందుతాయి.