హెచ్‌ఐవీ ఉందని వైద్యం చేయనంటే ఫిర్యాదు ఎలా చేయాలి

‘హెచ్‌ఐవీ ఉంది కాబట్టి ఆపరేషన్ చేయం’ అని ఏ ఆస్పత్రీ కాగితం మీద రాసివ్వదు. ‘మా దగ్గర సౌకర్యం లేదు, పెద్దాసుపత్రికి వెళ్లండి’ అని నోటిమాటగా చెప్పి పంపేస్తారు. ఇది వట్టి సాకు. గ్లవ్స్, స్టెరిలైజేషన్ లాంటి జాగ్రత్తలు ప్రతి రోగికీ పాటించాల్సినవే. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఈ వివక్షను నిషేధించింది. అయితే ఫిర్యాదు నిలబడాలంటే కాగితాలు కావాలి.

ప్రాణం మీదికొచ్చిన పరిస్థితైతే ముందు ఇంకోచోట వైద్యం చేయించండి. లేదంటే అక్కడి నుంచి కదలకముందే, ఎందుకు చేయట్లేదో ఓపీ చీటీ మీద రాయమని అడగండి. రాయకపోతే తేదీ, టైము, ఎవరు ఏ మాటన్నారో ఆ రోజే ఉన్నదున్నట్టు రాసిపెట్టుకోండి. మీ మంచానికో, కేస్ షీట్ మీదో అందరికీ కనిపించేలా ‘పాజిటివ్’ అని రాస్తే ఫొటో తీయండి. చాలామంది దెబ్బతినేది డిశ్చార్జ్ దగ్గర. ‘మా ఇష్టంతోనే వెళ్తున్నాం’ అన్న కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు, రేపు విచారణలో దాన్నే చూపిస్తారు. సంతకం తప్పదంటే, పైన ‘వైద్యం చేయడానికి ఆస్పత్రి ఒప్పుకోనందున వెళ్తున్నాం’ అని మీ చేత్తో రాసి అప్పుడు పెట్టండి.

20 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న ఆస్పత్రిలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. మిగతా సంస్థల్లో ఈ లెక్క 100. ఆ పైన రాష్ట్ర ప్రభుత్వం నియమించే అంబుడ్స్‌మన్ (ఇలాంటి ఫిర్యాదులు విచారించి ఆదేశాలిచ్చే అధికారి) ఉంటారు. ఎక్కడ ఇవ్వాలో తెలియకపోతే ఏఆర్‌టీ సెంటర్ (హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రం) కౌన్సెలర్‌ని అడగండి, లేదా ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, ఉచితమే.

ఫిర్యాదు ఒక్క పేజీ చాలు. వైరస్ ఎలా సోకిందో రాయకండి, దానికీ వైద్యానికీ సంబంధమే లేదు. ‘న్యాయం చేయగలరు’ అని ముగిస్తే ఏం ఆదేశించాలో తేలదు. ‘ఆపరేషన్‌కి తేదీ ఇప్పించాలి’ అని సూటిగా అడగండి. పేరు బయటపడుతుందన్న భయమే చాలామందిని ఆపేస్తుంది. ఆ భయం ఉంటే పేరు గోప్యంగా ఉంచమని ఫిర్యాదులోనే కోరండి. కోర్టుదాకా వెళ్లినా మారుపేరుతో విచారణ జరపమని అడిగే వీలు చట్టంలో ఉంది. ఇచ్చిన ప్రతి కాగితం నకలు మీద తేదీ, ముద్ర వేయించుకోండి.

అంబుడ్స్‌మన్ 30 రోజుల్లో తేల్చాలి. వైద్యపరంగా అత్యవసరమైతే వీలైనంత త్వరగా, సాధ్యమైతే 24 గంటల్లోనే ఆదేశం ఇవ్వాలి. అందుకే ‘అత్యవసరం’ అని మొదటి వాక్యంలోనే రాసి, డాక్టరు చీటీ జతచేయండి. ఆదేశాన్ని పాటించకపోతే 10,000 రూపాయల వరకు జరిమానా, ఆ తర్వాత కూడా మొండికేస్తే రోజుకు 5,000 దాకా అదనం.