కెనడాలో యూనివర్సిటీ తరఫున క్రాస్ కంట్రీ పరిగెత్తాలనుకునే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి

పోయిన అక్టోబర్‌లో నేను చదివిన యూనివర్సిటీ టీమ్ రేస్ చూడ్డానికి వెళ్ళా. కొత్తగా వచ్చిన ఖమ్మం తమ్ముడొకడు ఐదో కిలోమీటర్ దాటాక పక్కకి జరిగి గడ్డి మీద కూర్చుండిపోయాడు. దెబ్బ తగల్లేదు, కాలు పట్టెయ్యలేదు, ఊపిరి అందట్లేదన్నా అన్నాడంతే. వాడి మొహం చూడగానే విషయం అర్థమైంది, ఎందుకంటే 2019 అక్టోబర్‌లో నేనూ అచ్చం అలాగే అయిపోయా. అప్పుడు నాకు చెప్పేవాళ్ళు లేరు, అందుకే ఇది రాస్తున్నా.

జాకెట్ ఏది కొనాలి, బ్యాంక్ అకౌంట్ ఎలా, రూమ్ ఎక్కడ, ఇవేవీ చెప్పను, అవి అందరూ చెప్తారు. పరుగు గురించే చెప్తా, అదీ క్రాస్ కంట్రీ, అంటే ట్రాక్ మీద కాకుండా గడ్డి మీద, మట్టి మీద, కొండల మీద పెట్టే పరుగు.

ముందు అందరూ అడిగేది, అమెరికా వెళ్ళాల్సింది కదా అని. రన్నర్ మో అహ్మద్ కెనడావాడే, అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీలో చదివి టోక్యో ఒలింపిక్స్ 5000 మీటర్లలో సిల్వర్ తెచ్చాడు, నిజమే. కానీ అదే టోక్యోలో 1500 మీటర్లలో ఐదో స్థానంలో వచ్చిన గాబ్రియేలా డెబ్యూస్-స్టాఫర్డ్ టొరంటో యూనివర్సిటీ తరఫున పరిగెత్తిన అమ్మాయి. కాబట్టి ఇక్కడ ఉంటే ఎదగలేం అనే మాట నా దగ్గర అనకండి.

అసలు మనలో చాలామందికి అమెరికా దారి ముందే మూసుకుపోయి ఉంటుంది, ఆ సంగతి వీసా వచ్చాక గానీ తెలియదు. అక్కడ కాలేజీ ఆటలు నడిపే సంస్థ ఎన్‌సీఏఏ, దాని పై స్థాయి డివిజన్ వన్. అందులో ఆడటానికి ఐదేళ్ళ గడియారం ఒకటుంటుంది, అది అమెరికాలో దిగిన రోజు నుంచి కాదు, ప్రపంచంలో ఎక్కడైనా సరే కాలేజీలో ఫుల్ టైమ్ చేరిన రోజు నుంచి తిరుగుతుంది. అంటే హనుమకొండలో నాలుగేళ్ళు బీటెక్ చేసి ఎమ్మెస్‌కి వెళ్ళేసరికి నీకు మిగిలేది ఒక్క ఏడాది, మధ్యలో ఉద్యోగం చేసుంటే అదీ లేదు. పైగా ఆటగాళ్ళు ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన సెటిల్‌మెంట్ తర్వాత, అందులో చేరిన యూనివర్సిటీల్లో క్రాస్ కంట్రీ టీమ్‌కి 17 మందే పరిమితి. ఎవరూ పిలవకుండా మనంతట మనం వెళ్ళి నన్నూ చూడండి అనడానికి చోటు బాగా తగ్గిపోయింది. డివిజన్ వన్ ఫైనల్స్‌కి దేశం మొత్తం మీద 31 టీమ్‌లే వెళ్తాయి, తొమ్మిది రీజియన్ల నుంచి రెండేసి, పైన ఇంకో 13. ఆ ఒత్తిడి అంతా కోచ్ మీద, కోచ్ నుంచి పిల్లల మీద.

ఇక్కడ కెనడాలో యూనివర్సిటీ ఆటలు నడిపే యూ స్పోర్ట్స్‌లో అలా కాదు. ఐదు సీజన్లు ఆడొచ్చు, మన ఆటకి వయసు పరిమితి లేదు, మాస్టర్స్ వాళ్ళూ పరిగెత్తొచ్చు. నేను మాస్టర్స్‌లోనే పరిగెత్తా. కానీ డబ్బులొస్తాయని ఆశపడకు, అథ్లెటిక్ అవార్డు, అంటే ఆట స్కాలర్‌షిప్, ఇచ్చినా ట్యూషన్, తప్పనిసరి ఫీజులు దాటకూడదని రూల్, చాలామందికి అందులో చిన్న ముక్క కూడా రాదు. రూమ్ అద్దెకి, తిండికి అమెరికాలో ఇచ్చినట్టు ఇక్కడ ఇవ్వరు. ఇండియాలో యూనివర్సిటీ తరఫున ఆడిన సంవత్సరాలుంటే మొదటి రోజే కోచ్‌కి చెప్పెయ్, దాచకు. బ్యాచిలర్స్‌లో ఉంటే సీజన్ మధ్యలో కోర్స్ డ్రాప్ చేసే ముందు అడుగు, మూడు కోర్సులకన్నా తగ్గితే ఆడనివ్వరు.

టీమ్‌లోకి ఎంచుకునే ట్రైఅవుట్ సెప్టెంబర్ మొదట్లోనే అయిపోతుంది, సీజన్ నవంబర్ మధ్యకల్లా ముగుస్తుంది. క్లాసులు సర్దుకున్నాక చూద్దాంలే అనుకుంటే వచ్చే ఏడాదే. ఆగస్టులోనే కోచ్‌కి మెయిల్ పెట్టు, నీ 5000, 10000 టైమ్‌లు రాయి, ఉన్నదున్నట్టు రాయి. టీమ్‌లో ఏడుగురు పరిగెత్తితే మొదటి ఐదుగురి స్థానాలు కూడతారు, మొత్తం తక్కువ వచ్చినవాళ్ళు గెలుస్తారు, అందుకని ఐదోవాడి కష్టం మొదటివాడి కష్టమంతే విలువైనది. ఆరు, ఏడు స్థానాల వాళ్ళూ వేరే టీమ్ వాళ్ళని వెనక్కి నెడతారు కాబట్టి ఎవరూ ఊరికే ఉన్నట్టు కాదు. ఒంటారియో రాష్ట్రంలో లండన్ అనే ఊళ్ళో థేమ్స్ వ్యాలీ గోల్ఫ్ కోర్స్ మీద సెప్టెంబర్‌లో రేస్ ఉంటుంది, అక్కడ నేల మెత్తగా బాగుంటుంది, అది చూసి మోసపోకు. అక్టోబర్ చివరికి బురద, స్పైక్స్‌కి, అంటే అడుగున పిన్నులుండే రేస్ బూట్లకి, పొడుగు పిన్నులు కొనుక్కో.

ఇక అసలు విషయం. రక్తం.

భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దున్నే పన్నెండు కిలోమీటర్లు కొట్టినప్పుడు నాకెప్పుడూ అలసట తెలీదు. ఇక్కడికొచ్చాక వారానికి వంద కిలోమీటర్లకి పెంచా, వంట రాదు, అన్నం పెరుగు, బ్రెడ్డు, మ్యాగీ, రోజుకి నాలుగు టీలు, అందులో రెండు అన్నం తిన్న వెంటనే. అక్టోబర్‌కి మెట్లెక్కితే ఆయాసం, క్లాసులో నిద్ర, ఈజీ రన్‌లో కూడా అందరికన్నా వెనక. నేను ఇంటి మీద బెంగ అనుకున్నా, చలి అనుకున్నా, నాలో దమ్ము లేదనుకున్నా, అమ్మకి ఫోన్ చేసి ఏడ్చా. క్లినిక్‌కి వెళ్తే హిమోగ్లోబిన్ చూసి బాగానే ఉంది పొమ్మన్నారు. నెల పోయాక ఇంకో డాక్టర్ ఫెరిటిన్ చూస్తే అది అడుగంటి ఉంది. ఫెరిటిన్ అంటే ఒంట్లో దాచిపెట్టిన ఐరన్. హిమోగ్లోబిన్ సరిగ్గా ఉన్నా లోపల నిల్వ ఖాళీ అయి ఉండొచ్చు, ఈ ఒక్క మాట నాకు ఎవరైనా ముందే చెప్పుంటే ఆ సీజన్ పోయేది కాదు. ఆ నవంబర్‌లో కింగ్‌స్టన్‌లో ఫోర్ట్ హెన్రీ కొండ మీద ఫైనల్స్ జరుగుతుంటే కంచె పక్కన నిలబడి చూశా.

పరిగెత్తేవాళ్ళకి ఐరన్ ఎక్కువ పోతుంది, అడుగు నేలకి కొట్టుకున్నప్పుడు ఎర్ర కణాలు పగులుతాయి, చెమటలో కొంత పోతుంది, గట్టి రన్ తర్వాత కొన్ని గంటలు ఒళ్ళు ఐరన్‌ని సరిగ్గా తీసుకోదు. శాకాహారులైతే ఇంకా జాగ్రత్త, ఆకుకూరల్లో పప్పుల్లో ఉన్న ఐరన్ మాంసంలో ఉన్నంత తేలిగ్గా పట్టదు. అమ్మాయిలకి నెలసరితో ఇంకా పోతుంది, చెల్లెళ్ళూ ఇది తేలిగ్గా తీసుకోకండి. అన్నంతో పాటు టీ మానెయ్, గంటో రెండు గంటలో ఎడం పెట్టు. పప్పులో నిమ్మకాయ పిండు, అందులో ఉన్న విటమిన్ సి ఐరన్ పట్టడానికి సాయం చేస్తుంది. కానీ టెస్ట్ లేకుండా షాపులో ఐరన్ మాత్రలు కొని మింగకు, ఎక్కువైనా ప్రమాదమే, డాక్టర్ చెప్పినంతే.

అమెరికాలో పెద్ద టీమ్‌కి వెళ్ళిన నా ఫ్రెండ్‌కి సీజన్ మొదట్లోనే రక్తం తీశారు, డైటీషియన్ వచ్చి కూర్చోబెట్టి మాట్లాడింది. ఇక్కడ నాకు అలా ఎవరూ చెయ్యలేదు. మా కోచ్ మంచాయన, కానీ అసిస్టెంట్లు వేరే ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రం వచ్చేవాళ్ళు, నలభై మందిలో నీ మొహం పాలిపోయిందని ఎవరు చూస్తారు? నువ్వే క్యాంపస్ క్లినిక్‌కి వెళ్ళాలి, హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ కూడా రాయండి అని నువ్వే అడగాలి. ఒంటారియోలో యూహెచ్ఐపీకి, అంటే బయటి దేశాల స్టూడెంట్ల హెల్త్ ఇన్సూరెన్స్‌కి, నీ డబ్బులు ఎలాగూ కట్టించుకుంటారు, వాడుకో. ఎన్నిసార్లు చెప్పినా మనవాళ్ళు ‘ఏం కాదులే అన్నా’ అంటారు, ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఖమ్మం తమ్ముడికి సెప్టెంబర్‌లోనే చెప్పా. వినలేదు.

సరే, ఇంత భయపెట్టాక ఇదీ చెప్పాలి. ఇది తగ్గుతుంది. వారంలో కాదు, నాకు మూడు నెలలు పట్టింది, ఆ మూడు నెలలూ నెమ్మదిగా పరిగెత్తడం నాకు నరకం. కోవిడ్‌తో ఆగిన సీజన్ మళ్ళీ మొదలయ్యాక టీమ్‌లో ఆరోవాణ్ణయ్యా. మనవాళ్ళు ఎవరూ కనపడకపోయినా టీమ్‌లో వాళ్ళు మంచివాళ్ళు, ఇంటికి పిలుస్తారు, వెళ్ళు, పులిహోర చేసుకుని వెళ్ళు.

మొన్న ఆదివారం ఆ తమ్ముడు మాతో పద్దెనిమిది కిలోమీటర్లు వచ్చాడు, మంచులో, చివరి దాకా మాట్లాడుతూనే ఉన్నాడు. అయ్యాక కాఫీ షాపులో వాడు నిమ్మకాయ నీళ్ళు అడిగాడు.